ఖర్చులపై ఉత్తర్వు లేదు

సెప్టెంబర్ 9, మంగళవారం

మల్లమ్మ గెలిచింది. పదకొండు ఇరవైకి లాయర్ సౌజన్య హైకోర్టు బయటి నుంచి ఫోన్ చేసి చెప్పింది. వీధి వ్యాపారుల సర్వే జాబితాను రెండు వారాల్లో ఆమె చేతికివ్వాలని మున్సిపల్ సర్కిల్ ఆఫీసుకు ఆదేశం. డెస్కుకు ఎనిమిది వాక్యాలు పంపాను. మొదటి పేజీలో రాదు. ఎక్కడో ఒకచోట వస్తే చాలు.

ఒక జాబితా కోసం ఒక ఇస్త్రీ బండి ఆమె పద్నాలుగు నెలలు తిరిగింది. వార్తలో పెట్టడానికి ఇంతకంటే ఏమీ లేదు. డైరీలో కూడా.

సెప్టెంబర్ 10, బుధవారం

నాలుగో పేజీ, ఎడమవైపు కింద. ఎనిమిది వాక్యాలూ వచ్చాయి.

సెప్టెంబర్ 24, బుధవారం

పొద్దున ప్రగతి నగర్ నుంచి బయల్దేరి, మెట్రోలో రాయదుర్గం దిగి, టవర్ల వెనక సందులోకి వెళ్లాను. దసరా దగ్గరికొచ్చింది. బండి మీద చీరలు, కుర్తాలు గుట్టగా ఉన్నాయి. మల్లమ్మ బొగ్గుల పెట్టెను పక్కన ఆనించి, చీర కొంగుకు చేతులు తుడుచుకుని, ప్లాస్టిక్ కవర్‌లోంచి జాబితా తీసింది. నిన్న సాయంత్రం ఆఫీసువాళ్లు ఇచ్చారట. ఇరవై రెండు పేజీలు.

జరిగింది క్రమంలో రాసుకుంటాను, అలవాటు. ఏడేళ్ల కింద ఈ సందులో బండ్ల సర్వే జరిగింది. కిందటేడు బండ్లు తీసేస్తామన్నారు. జాబితాలో పేరున్నవాళ్లకు చోటు ఉంటుంది, లేనివాళ్లకు ఉండదు. నీ పేరు లేదని ఒక క్లర్కు నోటితో చెప్పాడు. లేదన్న కాగితం చూపించమంది మల్లమ్మ. చూపించలేదు. సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అర్జీ పెట్టింది. నెల దాటింది, జవాబు లేదు. అప్పీలు పెట్టింది, జవాబు లేదు. సమాచార కమిషన్ ఇవ్వమంది, అయినా ఇవ్వలేదు. అప్పుడు హైకోర్టుకు పోయింది.

పదకొండో పేజీలో వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. "రెండొందల పద్నాలుగు. మల్లమ్మ. భర్త వీరేశం. ఇస్త్రీ." ఆగి నా వైపు చూసింది. "లేదన్నడు గద తమ్మీ వాడు. ఏడేండ్ల సంది గీడనే ఉన్నది నా పేరు."

ఇన్నేళ్లలో చాలామంది గెలవడం చూశాను. గెలిచిన కాగితాన్ని ఇంత నెమ్మదిగా చదివినవాళ్లను చూడలేదు.

తరువాత డబ్బు సంగతి ఎత్తింది. కేసు ఖర్చు ముప్పై నాలుగు వేల నూట యాభై. అదంతా వాళ్ల పొదుపు సంఘం నుంచి తెచ్చింది. సంఘంలో పదిమంది, అప్పు వంతులవారీగా ఇస్తారు. ఈసారి వంతు సీతాబాయిది. మెట్రో మెట్ల దగ్గర పూలమ్మే సీతాబాయి ఒక చిన్న షాపు, మడిగె, అద్దెకు మాట్లాడుకుంది. జనవరి పదో తారీకులోగా అడ్వాన్సు కట్టకపోతే మడిగె వేరేవాళ్లకు పోతుంది. తన వంతు ఆపుకుని ఆ డబ్బు మల్లమ్మ కేసుకు వదిలింది.

"గెలిస్తే ఖర్చులు వాళ్ల తానికెల్లి వస్తయ్ అనుకున్న," అంది మల్లమ్మ. బట్టల కింద పరిచే పాత పేపర్ల దొంతరలోంచి ఒకటి లాగింది. మా పేపరే. నాలుగో పేజీ. నా వార్తలో చివరి వాక్యం మీద వేలు పెట్టి చదివింది. "'పిటిషనర్‌కు ఖర్చులు చెల్లించాల్సిన అవసరం లేదని న్యాయస్థానం స్పష్టం చేసింది.' గీ మాట ఎవరన్నరు?"

"కోర్టు."

"నేను కోర్టులనే ఉన్న తమ్మీ. నాకు ఇంగ్లీషు రాదు, అయినా వకీలమ్మ నా పక్కకే నిల్సుండి మాట మాట నాకు చెప్పింది. జడ్జి సారు గీ మాట అననే లే."

రాతపూర్వక ఉత్తర్వులో ఉంటుందక్కా, అది లాయర్ల భాష, అన్నాను.

"అట్లనా," అని చొక్కా మీద నీళ్లు చల్లింది.

సెప్టెంబర్ 25, గురువారం

ఆ వాక్యం సౌజన్య ఫోన్‌లో చెప్పిందే.

సెప్టెంబర్ 27, శనివారం

లేదా డెస్కులో కలిపి ఉంటారు.

అక్టోబర్ 6, సోమవారం

కూకట్‌పల్లిలో సౌజన్య ఆఫీసు. హౌసింగ్ బోర్డు కాలనీలో మెడికల్ షాపు మీద మొదటి అంతస్తు. ఒక టేబుల్, నాలుగు కుర్చీలు, ఇనుప బీరువా. మల్లమ్మ అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. ఈరోజు కూడా బండి మూసినట్టే.

సౌజన్య వివరించింది. సమాచారం ఇవ్వకుండా తిప్పడం వల్ల అర్జీదారుకు నష్టం జరిగితే ఆ ఆఫీసుతో పరిహారం కట్టించే అధికారం కమిషన్‌కు ఉంది. చట్టంలోనే రాసి ఉంది. సకాలంలో ఇచ్చి ఉంటే కోర్టుకు పోయే పని లేదు కాబట్టి కోర్టు ఖర్చు కూడా నష్టమే అని ఆమె వాదన.

"నిలుస్తుందా?" అన్నాను.

"నిలబెట్టాలండి."

బీరువాలోంచి ఫైలు తీసి ముందు పెట్టింది. ఫీజు ముప్పై వేలు నాలుగు విడతల్లో తీసుకుంది. నాలుగు రసీదులు. ఏ పనికి ఎంత అన్నది ప్రతి దాని మీదా ఉంది. కోర్టు ఫీజు, టైపింగ్, నకళ్లు విడిగా: నాలుగు వేల నూట యాభై. వాటికీ రసీదులు.

ఈ ఊళ్లో నాకు తెలిసిన లాయర్లు ఎందరో ఉన్నారు. అడగకుండా రసీదు ఇచ్చేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ మాటే అన్నాను.

"గెలిచాక ఖర్చు వెనక్కి అడగాలంటే ఇవే కదండీ ఆధారం. అందుకని ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజు నుంచీ ఇస్తున్నాను."

"ఇప్పటివరకు ఎంతమంది అడిగారు?"

నవ్వింది. "మల్లమ్మగారే మొదటివారండి. మిగతావాళ్లు గెలిచిన సంతోషంలో స్వీట్లు పంచి వెళ్లిపోతారు. మళ్లీ ఈ మెట్లెక్కే ఓపిక ఎవరికుంటుంది?"

"నాకు స్వీట్లకు పైసల్లేవు బిడ్డా," అంది మల్లమ్మ. "గందుకే ఎక్కిన."

పదకొండేళ్లుగా ఎవరూ అడగని రసీదులు రాస్తూ వచ్చిందామె. నేను ఎవరినైనా మెచ్చుకుంటూ రాస్తే విశేషణాలు కొట్టేసే మనిషిని. ఇక్కడ కొట్టేయడానికి ఏమీ లేదు. నాలుగు రసీదులు, నాలుగు తేదీలు.

మెట్లు దిగుతూ, ఆ చివరి వాక్యం నాకు ఫోన్‌లో ఎలా చెప్పారని సౌజన్యను అడుగుదామనుకున్నాను. ఆటో వచ్చింది.

నవంబర్ 4, మంగళవారం

కమిషన్‌లో ఖర్చుల అర్జీపై మొదటి విచారణ. వెనక బెంచీలో కూర్చున్నాను. సర్కిల్ ఆఫీసు సమాచార అధికారి బాగా తయారై వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. మల్లమ్మ ఆ చొక్కా కాలర్ వైపు చూడటం గమనించాను. కాలర్ దగ్గర మడత సరిగా రాలేదని తర్వాత నాతో అంది.

ఆయన వాదన ఒక్కటే. "హైకోర్టే ఖర్చులు ఇవ్వక్కర్లేదని స్పష్టం చేసింది సార్. మళ్లీ ఇక్కడ అడగడం చెల్లదు." ఫైలులోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. ఉత్తర్వు కాదు. పేపర్ కటింగ్. ఎడమవైపు కింద వచ్చిన ఎనిమిది వాక్యాలు. చివరి వాక్యం కింద ఎర్ర గీత.

సౌజన్య లేచి ఉత్తర్వు చివరి పంక్తి చదివి తెలుగులో చెప్పింది. "ఖర్చులపై ఎలాంటి ఉత్తర్వూ లేదు. అంతే ఉంది సార్. ఇవ్వక్కర్లేదని ఎక్కడా లేదు."

"అందరూ అట్లనే అర్థం చేసుకున్నరు సార్. పేపరోళ్లు కూడా," అన్నాడు అధికారి.

కమిషనర్ కటింగ్‌నూ ఉత్తర్వునూ పక్కపక్కన పెట్టుకుని కొంతసేపు చూశారు. రాతపూర్వకంగా జవాబివ్వమని అధికారికి చెప్పి డిసెంబర్ 2కు వాయిదా వేశారు.

బయటికొచ్చాక సౌజన్య నాతో మెల్లగా అంది. "మీ వార్త ఉన్నా లేకపోయినా కేసు నడుస్తుందండి. కాకపోతే ఆయన చేతిలో ఉన్న ఒకే ఒక్క కాగితం మీరు రాసిందే."

మల్లమ్మ ఒక మాట తిట్టినా బాగుండేది. "ఛాయ్ తాగుదం పా తమ్మీ," అంది. డబ్బులు కూడా ఆమే ఇచ్చింది.

నవంబర్ 5, బుధవారం

డెస్కులో కలపలేదు. సౌజన్య చెప్పలేదు.

ఫోన్‌లో సెప్టెంబర్ 9 నాటి మెసేజి ఉంది. పదకొండు నలభై ఒకటికి పంపింది. ఎనిమిదో వాక్యం అందులోనే ఉంది, నేను టైపు చేసిందే. 'ఖర్చులపై ఉత్తర్వు లేదు' అని సౌజన్య చెప్పి ఉంటుంది. విన్న చెవి నాది, రాసిన చెయ్యి నాది. ఉత్తర్వు ప్రతి అడగలేదు.

ఆఫీసు పాత సంచికల్లో వెతికాను. ఇదే వాక్యం నా వార్తల్లో అరవై ఒక్కసారి ఉంది. ఇరవై ఆరేళ్లు. కోర్టు మాట్లాడకుండా ఊరుకున్న ప్రతిసారీ 'స్పష్టం చేసింది' అని రాశాను.

అరవై కేసుల్లో ఎవరూ అడగలేదు. పేపరు బట్టల కింద పరుచుకునే మనిషి అడిగింది.

నవంబర్ 7, శుక్రవారం

డెస్క్ ఇన్‌ఛార్జి భార్గవితో సవరణ సంగతి మాట్లాడాలి.

నవంబర్ 10, సోమవారం

భార్గవి సెలవులో ఉంది.

నవంబర్ 13, గురువారం

భార్గవి వచ్చింది. ఎన్నికల ఫలితాల హడావుడి. మాట్లాడటానికి సమయం కాదు.

నవంబర్ 14, శుక్రవారం

సమయం దొరికింది. మాట్లాడలేదు.

నవంబర్ 18, మంగళవారం

మెట్రో దిగుతుంటే సీతాబాయి ఎదురైంది. పూలు కడుతూనే, తల ఎత్తకుండా అడిగింది. "సారూ, మల్లమ్మ పైసలొస్తయంటవా? మడిగె ఆయన రోజుకోపారి ఫోన్ చేస్తున్నడు."

"చూద్దాం," అన్నాను.

"మల్లమ్మను అడుగుతే బాధపడతది. గందుకే నిన్నడుగుతున్న. ఆమెతోని అనకు."

వంతు వదులుకున్నది ఈమె, అయినా అడగడానికి ఈమెకే మొహమాటం. నేరుగా ఆఫీసుకెళ్లి భార్గవి ముందు కూర్చున్నాను. అనంతపురం అమ్మాయి. నాకంటే పద్దెనిమిదేళ్లు చిన్న, నాకు పై అధికారి. సవరణ వెయ్యాలని చెప్పి, ఉత్తర్వు ప్రతి, వార్త రెండూ ముందు పెట్టాను.

చదివింది. "ఏం సార్ ఇది? ఇన్నేండ్లలో మీ పేరు మీద ఒక్క సవరణ కూడా ల్యాదు. ఎవరూ చూళ్ళేదు కదా, ఇప్పుడు మనమే ఎత్తి చూపియ్యాల్నా?"

"చూశారు. సమాచార అధికారి చూశాడు. ఎర్ర గీత గీసుకుని మరీ తెచ్చాడు."

కొంతసేపు పెన్ను తిప్పింది. "ఆయమ్మకు ఎంత రావాల?"

"ముప్పై నాలుగు వేల నూట యాభై."

"అంతేనా?"

"ఆమెకు అంతే. ఆమె వెనక ఇంకెవరైనా అడగాలంటే లెక్క వేరు. కాగితం అడిగినందుకు ముప్పై నాలుగు వేలు పోతాయని తెలిస్తే ఇంకెవరు అడుగుతారు?"

పెన్ను ఆపింది. "రాయండి సార్. కానీ సవరణలో విలేకరి పేరు వెయ్యడం మన పేపర్లో ల్యాదు."

"వార్త మీద నా పేరుంది కదా. సవరణ మీద ఎందుకు ఉండకూడదు?"

"మీరొకరు సార్," అని, నేను రాసిచ్చిన కాగితం మీద ఒక్క అక్షరం కూడా మార్చకుండా సంతకం పెట్టింది.

నవంబర్ 20, గురువారం

నాలుగో పేజీ, ఎడమవైపు కింద. అదే చోట వెయ్యమని నేను అడగలేదు. భార్గవి పెట్టించింది.

'సవరణ: సెప్టెంబర్ 10 సంచికలో, మల్లమ్మ కేసులో ఖర్చులు చెల్లించాల్సిన అవసరం లేదని హైకోర్టు స్పష్టం చేసినట్టు రాశాం. ఇది తప్పు. ఖర్చులపై ఎలాంటి ఉత్తర్వూ లేదని మాత్రమే ఉత్తర్వులో ఉంది. తప్పు వార్త పంపిన విలేకరిది. – వేణు'

నాలుగు వాక్యాలు. ఇరవై ఆరేళ్లలో నా అతి చిన్న వార్త. రాయడానికి పదిహేను రోజులు పట్టింది.

నవంబర్ 21, శుక్రవారం

సందులోకి వెళ్లాను. మల్లమ్మ పేపరు చూసినట్టుంది. చొక్కా కాలర్ మీద పెట్టె ఒత్తుతూ అంది. "తప్పయితే మడత ఇప్పి మల్ల చెయ్యాలె తమ్మీ. మల్ల జేసినోనికి ఇజ్జత్ ఏం పోదు. కస్టమరు మల్ల వస్తడు."

డిసెంబర్ 2, మంగళవారం

విచారణ నలభై నిమిషాలు నడిచింది. గుర్తున్నంత వరకు కాదు, నోట్సు చూసి రాస్తున్నాను.

సౌజన్య సవరణ కటింగ్‌ను దాఖలు చేసింది. కమిషనర్ చదివి, అధికారి వైపు చూశారు. "మీరు ఆధారపడిన వార్తను రాసినాయనే తప్పంటున్నాడు. ఇంకేమైనా ఉందా?"

అధికారి దారి మార్చాడు. పేదలకు ఉచిత న్యాయ సహాయం ఉంది, ఆమె అది వాడుకోకుండా ప్రైవేటు లాయర్‌ను ఎందుకు పెట్టుకుంది, ఆ ఖర్చు ప్రజల సొమ్ముతో ఎందుకు కట్టాలి అన్నాడు. బలమైన ప్రశ్నే. సౌజన్య జవాబు చెప్పబోయింది. కమిషనర్ చేత్తో ఆపి మల్లమ్మను అడిగారు.

మల్లమ్మ లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"సారూ, ఉచితంగ ఇయ్యాల్సింది కాయితం. అది వీళ్లు ఇయ్యాలె. పది రూపాయలు కట్టిన దినమే ఇచ్చుంటే నాకు వకీలమ్మతోని పనే లేకుండె. ఆమె ఎవరో గూడ నాకెర్క లేకుండె."

హాల్లో ఎవరో నవ్వారు. కమిషనర్ నవ్వలేదు, రాసుకున్నారు.

"మరి హైకోర్టు ఖర్చులపై ఉత్తర్వు లేదంది కదమ్మా?"

"ఇయ్యమనలే. ఇయ్యొద్దని గూడ అనలే. గందుకే అడగనీకె మీ తానికొచ్చిన."

న్యాయశాస్త్రం చదివినవాళ్లు దీన్ని రెండు పేజీల్లో రాస్తారు. సౌజన్య తన కాగితాలు మూసేసింది. నేను చెప్పేదింకేమీ లేదు సార్ అంది. మాట్లాడాల్సింది ఎవరో తెలిసి ఊరుకునే లాయర్ కూడా అరుదే.

తరువాత ఆఫీసులూ కోర్టూ తిరగడానికి బండి మూసిన పంతొమ్మిది రోజుల కూలి సంగతి వచ్చింది. రోజుకు ఆరువందల చొప్పున వేశారు. ఆధారం ఏమిటని అడిగారు కమిషనర్.

"ఆధారం లేదు సారూ. బండి మూసినోళ్లకు రసీదు ఎవరిస్తరు?"

డిసెంబర్ 16, మంగళవారం

కమిషన్ ఉత్తర్వు వచ్చింది. సౌజన్య ఫోన్ చేసి చెప్పబోతే, చెప్పొద్దు, ప్రతి పంపండి అన్నాను. తొమ్మిది పేజీలు. చివరి పేజీ రెండుసార్లు చదివాను.

లాయర్ ఫీజు, కోర్టు ఖర్చు కలిపి ముప్పై నాలుగు వేల నూట యాభై రూపాయలు మూడు వారాల్లో చెల్లించాలి. పంతొమ్మిది రోజుల కూలికి ఆధారం లేనందున ఇవ్వలేదు. ఏడో పేజీలో ఒక వాక్యం: 'సమాచారం కోసం అర్జీదారుకు ఖర్చు అయింది, ఆ ఖర్చుకు కారణం ఆమె కాదు.'

ఎనిమిది వాక్యాలు పంపాను. ఎనిమిదోది అదే.

జనవరి 6, మంగళవారం

డబ్బు పడింది. గడువు చివరి రోజున, కానీ పడింది.

సందులో బండి దగ్గరికి సంఘంవాళ్లు ముగ్గురు నలుగురు వచ్చి ఉన్నారు. సీతాబాయి అడ్వాన్సు కట్టి మడిగె తాళంచెవి వేలికి తగిలించుకుని తిప్పుతోంది. "ఇగ నీడలో కూసోని పూలమ్ముత. వానొస్తే మల్లమ్మ బండి గూడ నా మడిగెలనే," అంది.

"కిరాయి ఎంత తీసుకుంటవే?" అంది మల్లమ్మ.

"నీ తానికెల్లా? రసీదు లేకుండ ఒక్క పైస తీసుకోను."

అందరూ నవ్వారు. నేను మల్లమ్మను పక్కకు పిలిచి, ఆ పంతొమ్మిది రోజుల డబ్బు నేనిస్తానన్నాను. పదకొండు వేల నాలుగు వందలు. కవర్ జేబులో ఉంది. నా వాక్యం వల్ల ఒక వాయిదా పెరిగింది కదా అన్నాను.

కవర్ వైపు చూడలేదు. "ఆఫీసోళ్లు ఇయ్యాల్సింది నువ్విస్తే వాళ్లకు ఎట్ల తెలుస్తది తమ్మీ? సంఘం పైసలు సంఘానికొచ్చినయ్. పోయిన దినాలు నావి. నేను జూసుకుంట." పెట్టెలో బొగ్గులు కదిపింది. "ఈపారి బండి మూసే ముందు నీ ఫోన్ల ఫోటో తీసిపెట్టు. తారీకు పడతది గద."

ఈపారి అంటోంది. మళ్లీ అడగడానికి ఏదో ఉన్నట్టే ఉంది.

ఇంతలో కొండాపూర్ వైపు నుంచి మిర్చీ బండి నడిపే ఒకామె వచ్చింది. చేతిలో మడతపెట్టిన తెల్ల కాగితం. తమ సందులో కూడా బండ్లు తీస్తామంటున్నారట, జాబితా చూపించడం లేదట. మల్లమ్మ ఎవరని అడుక్కుంటూ వచ్చింది.

"అర్జీకి ఎంతయితది అక్కా?"

"పది రూపాయలు."

"ఇయ్యకపోతే?"

మల్లమ్మ ఇస్త్రీ పెట్టె దించింది. "ఇయ్యకపోతే ఖర్చయితది. కట్టిన ప్రతి రూపాయికి కాయితం తీసుకో, భద్రంగ పెట్టుకో. జాబితా అడుగు. అటెన్క ఖర్చు గూడ అడుగు."

ఆమె అన్న మాటలు ఇవే. నేను అక్కడే ఉన్నాను. ఏమీ కలపలేదు.